మా చెల్లి టైలెనాల్, నా పారాసిటమాల్, నాన్న డోలో

పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే హడావిడిగా బయల్దేరుతూ మా చెల్లికి వాయిస్ మెసేజ్ పెట్టాను. "సర్జరీకి వెళ్తున్నానే, వచ్చాక మాట్లాడతా" అని. వెళ్లి రక్తపరీక్షకి రక్తం ఇచ్చి, దారిలో కూరలు కొనుక్కుని, కాస్త వంట చేసుకుని తీరిగ్గా ఫోను చూద్దును కదా, పదకొండు మిస్డ్ కాల్స్! చెల్లి నిద్ర లేచి మెసేజ్ వినగానే నాకు చేసిందట, నేను ఎత్తలేదు. మా ఆయనకి చేసిందట, ఆయన మీటింగులో ఉన్నారు. ఇక అమ్మకి చేసిందట. అమ్మ అప్పటికే వెంకన్నకి ముడుపు కట్టేసింది.

"ఏం సర్జరీ అక్కా? గర్భసంచీయా? నాకు ఒక్కమాట చెప్పాలనిపించలేదా నీకు?" అని ఒకటే ఏడుపు.

నాకు అర్థం కావడానికి నిమిషం పట్టింది. ఇంగ్లండులో ఫ్యామిలీ డాక్టరు కూర్చునే చోటుని సర్జరీ అంటారు. జలుబు చేసినా సర్జరీకే వెళ్తాం, బీపీ చూపించుకోవడానికీ సర్జరీకే వెళ్తాం. అమెరికాలో సర్జరీ అంటే కోత, కుట్లు. నేను చెప్పింది బ్రిటిష్ ఇంగ్లీషు, తను విన్నది అమెరికా ఇంగ్లీషు. మధ్యలో వెంకన్నకి నూటపదహార్లు లాభం.

నేను నాటింగ్‌హామ్ దగ్గర నర్సుగా చేస్తున్నాను. చెల్లి న్యూజెర్సీలో ఉంటుంది. తణుకు పక్కన పల్లెటూళ్లో ఒకే బళ్లో, ఒకే మాస్టారి దగ్గర ఇద్దరం ఇంగ్లీషు నేర్చుకున్నాం. ఇప్పుడు వీడియో కాల్ చేసుకుంటే సగంసేపు ఒకరి ఇంగ్లీషుని ఒకరు వెక్కిరించుకోవడమే పని.

కాట్ అంటే ఏ మంచం?

చెల్లికి ఏడో నెల వచ్చినప్పుడు అమ్మ ఫోన్లో "కాట్ కొన్నారా?" అని అడిగింది. అమ్మ దృష్టిలో కాట్ అంటే పెద్దవాళ్లు పడుకునే మంచం, పురిటికి తను వస్తే పడుకోవాలి కదా. నేను విన్నది వేరు. ఇంగ్లండులో కాట్ అంటే చంటిపిల్లల ఊచల మంచం. "అప్పుడే ఎందుకమ్మా, పుట్టాక కొనుక్కోవచ్చు" అన్నాను. మా మరిది ఇంకోటి విన్నాడు. అమెరికాలో కాట్ అంటే శిబిరాల్లో వేసుకునే మడత మంచం, పిల్లల మంచాన్ని క్రిబ్ అంటారు. "అత్తయ్యగారిని మడత మంచం మీద పడుకోబెడతామా?" అని ఆయన నొచ్చుకున్నాడు. ఒక్క మాటకి మూడు మంచాలు!

మనం ఇండియా నుంచి మోసుకొచ్చిన ఇంగ్లీషు చాలావరకు బ్రిటిష్‌దే. లిఫ్టు, పెట్రోలు, టార్చిలైటు, పోస్టుమాన్ అన్నీ ఆ సామానే. అందుకని నాకు ఇక్కడ పెద్ద ఇబ్బంది ఉండదనుకున్నాను. మొదటివారంలోనే తోటి నర్సుతో "నీ ప్యాంటు బావుంది" అన్నాను. ఆవిడ మొహం ఎర్రబడింది. ఇక్కడ ప్యాంట్స్ అంటే లోపల వేసుకునేవి, పైన వేసుకునేవి ట్రౌజర్లు. చెల్లి కొడుక్కి దీనికి తిరగబడ్డ అనుభవం. ఇండియాలో రెండో తరగతి చదివి వెళ్లినవాడు, అమెరికా బళ్లో పక్క పిల్లని "రబ్బరు ఉందా?" అని అడిగాడు. అక్కడ ఆ మాటకి అర్థం మన నిరోధ్. టీచరుకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదట. ఇరేజర్ అనాలని ఆ రోజు ఇంటిల్లిపాదీ నేర్చుకున్నారు.

కొన్ని మాటలైతే బ్రిటిష్‌వాళ్లే మర్చిపోయారు, మనం దాచిపెట్టుకున్నాం. మన డ్రైవర్లు స్పేర్ టైరుని స్టెప్నీ అంటారు కదా. 1904లో వేల్స్‌లోని లనెల్లి ఊళ్లో స్టెప్నీ స్ట్రీట్ అనే వీధిలో ఇద్దరు డేవిస్ సోదరులు కారుకి వేసే స్పేర్ చక్రం తయారుచేశారు. ఆ వీధి పేరే చక్రానికి వచ్చింది. ఇక్కడ నా కారు టైరు పంచరైనప్పుడు "స్టెప్నీ ఎక్కడుంది?" అని మెకానిక్కుని అడిగితే తెల్లమొహం వేశాడు. వాళ్ల మాటని వాళ్లకే నేను విడమరిచి చెప్పాల్సొచ్చింది.

ఎందుకిలా విడిపోయాయి?

స్పెల్లింగుల సంగతి చెప్పాలంటే నోవా వెబ్‌స్టర్ అనే అమెరికా బడిపంతుల్ని తల్చుకోవాలి. కొత్త దేశానికి తన సొంత భాష ఉండాలని ఆయన పట్టుదల. 1806లో చిన్న నిఘంటువు, 1828లో పెద్దది తెచ్చాడు. కలర్‌లో "యు" తీసేయడం, సెంటర్ చివర అక్షరాలు తారుమారు చేయడం లాంటివి జనంలో నిలబడడానికి ఆయన పుస్తకాలే ముఖ్య కారణం.

అలాగని మార్చినవాళ్లంతా అమెరికావాళ్లే అనుకోకూడదు. ఆకులు రాలే కాలాన్ని ఫాల్ అనడం ఒకప్పుడు ఇంగ్లండులోనూ ఉంది. ఇక్కడివాళ్లు ఆటమ్‌లో స్థిరపడ్డారు, వాళ్లు పాతమాటని ఉంచుకున్నారు. సాకర్ అన్న మాట వింటే ఇక్కడివాళ్లు ముక్కు విరుస్తారు గానీ, అది పుట్టిందీ ఇంగ్లండులోనే. అసోసియేషన్ ఫుట్‌బాల్ అన్నదాన్ని కాలేజీ కుర్రాళ్లు కత్తిరించి పెట్టుకున్న ముద్దుపేరు అది.

ఇవన్నీ నవ్వుకోవడానికి బానే ఉంటాయి. ఆసుపత్రి దగ్గరికి వచ్చేసరికి మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఇక్కడ పేషెంటు "ఐ ఫీల్ సిక్" అంటే ఒంట్లో బాగోలేదని కాదు, వాంతి వచ్చేలా ఉందని. "ఐ హావ్ బీన్ సిక్" అంటే వాంతి అయిందని. కొత్తలో నేను ఆ మాట విని, అయ్యో పాపం అని దుప్పటి సర్ది చేయి నిమిరాను. ఆవిడకి కావలసింది గిన్నె. దుప్పటి, నా యూనిఫారం రెండూ మార్చుకోవాల్సొచ్చింది. ఒంట్లో బాగోలేకపోతే ఇక్కడ పూర్లీ అంటారు. న్యూజెర్సీలో "సిక్" అంటే మామూలుగా జబ్బు అనే అర్థం.

నాన్న మూడు మందులు

రెండేళ్ల కిందట చలికాలంలో అమ్మానాన్నలు చెల్లి దగ్గరికి వెళ్లారు. నాన్నకి జ్వరం, ఒళ్లునొప్పులు పట్టుకున్నాయి. ఒక ఆదివారం వీడియో కాల్లో ఎప్పట్లాగే ఎకసెక్కాలు సాగుతున్నాయి. నాన్న కూడా కలుగజేసుకుని అన్నారు: "మీ అమెరికా మందుల్లో పస లేదే. మన డోలోయే నయం. అందుకే రెండూ వేసుకుంటున్నా."

నేను నవ్వబోయి ఆగిపోయాను. "రెండూ అంటే ఏమేం వేసుకుంటున్నారు నాన్నా? బిళ్లలు తెచ్చి చూపించండి" అన్నాను.

పెట్టెలోంచి తెచ్చుకున్న డోలో 650 రోజుకి మూడు, చెల్లికి తెలీకుండా. చెల్లి ఇచ్చే టైలెనాల్ 500 బిళ్లలు పూటకి రెండు చొప్పున మూడు పూటలు. రాత్రి నిద్ర పట్టడానికి మా మరిది ఇచ్చే జలుబు సిరప్పు.

"డోలో పారాసిటమాల్ కదక్కా, ఇది ఎసిటమినోఫెన్ అని రాసుంది" అంది చెల్లి. తన తప్పేం లేదు. రెండు డబ్బాల మీదా రెండు పేర్లున్నాయి. కానీ మందు ఒక్కటే. ఆ రసాయనానికి పారా-ఎసిటైల్-ఎమినో-ఫినాల్ అని కొండవీటి చాంతాడంత పేరు. అందులోంచి బ్రిటన్ వాళ్లు కొన్ని అక్షరాలు ఏరుకుని పారాసిటమాల్ అన్నారు, అమెరికావాళ్లు ఇంకొన్ని ఏరుకుని ఎసిటమినోఫెన్ అన్నారు. మన దేశంలో వాడేది మొదటి పేరు. రాత్రిపూట సిరప్పు వెనక సన్నక్షరాల్లో కూడా అదే మందు, మోతాదుకి 650 మిల్లీగ్రాములు.

కాగితం మీద లెక్క వేశాను. డోలోల వల్ల 1950, టైలెనాల్ వల్ల 3000, సిరప్పు వల్ల 650. వెరసి రోజుకి 5600 మిల్లీగ్రాములు. మామూలు పెద్దవాళ్లకి 24 గంటల్లో 4000 దాటకూడదు. బరువు తక్కువున్నవాళ్లకి, లివరు బలహీనంగా ఉన్నవాళ్లకి అంత కూడా పనికిరాదు. నాన్న అప్పటికి రెండు రోజులుగా ఇలాగే వేసుకుంటున్నారు.

ఈ మందు ఎక్కువైతే లివరు దెబ్బతింటుంది. చిక్కేమిటంటే మొదటి రోజు మనిషి మామూలుగానే కనిపిస్తాడు. మహా అయితే కాస్త వికారం. "నాకేం కాలేదు, కాఫీ ఇవ్వండి" అని నాన్న అంటూనే ఉన్నారు. బాగానే ఉన్నారు కదా అని ఊరుకోకూడదని చెల్లికి గట్టిగా చెప్పాను. అమెరికాలో పాయిజన్ కంట్రోల్ వాళ్ల నంబరు ఉంది, 1-800-222-1222. రాత్రీపగలూ ఎత్తుతారు, డబ్బు తీసుకోరు. చెల్లి చేసింది. వయసెంత, బరువెంత, ఎప్పట్నించి, ఎన్నెన్ని అని అడిగి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించమన్నారు.

లివరు పరీక్షలో తేడా కనబడింది. విరుగుడు మందు ఉంది, ఎసిటైల్‌సిస్టీన్ అని. సెలైన్‌లో ఎక్కించారు. త్వరగా వెళ్తే బాగా పనిచేసే మందు అది. రెండు రాత్రులు ఉంచుకుని పంపించారు. నాన్న ఇప్పుడు తణుకులో పొలం గట్టు మీద తిరుగుతున్నారు. ఆ రెండు రాత్రులు నేను మాత్రం నిద్రపోలేదు. ఇన్నేళ్లుగా మందులిచ్చే చెయ్యి నాది. పేరు తేడాల మీద చెల్లితో వంద జోకులు వేసుకున్నాను గానీ, ఈ ఒక్క పేరు గురించి ముందే చెప్పాలని తట్టలేదు.

ఇలాంటి జంటపేర్లు ఇంకా ఉన్నాయి. ఆయాసానికి పీల్చే సాల్బుటమాల్ అమెరికాలో ఆల్బుటెరాల్. షుగరుకి వేసుకునే గ్లిబెన్‌క్లమైడ్ అక్కడ గ్లైబురైడ్. అడ్రినలిన్ అక్కడ ఎపినెఫ్రిన్. ఇండియా నుంచి తెచ్చుకున్నది ఒకటి, అక్కడి డాక్టరు రాసింది ఒకటి అనుకుని రెండూ వేసుకుంటే షుగరు పడిపోయి మనిషి కళ్లు తిరిగి పడిపోవచ్చు.

"షుగరు తొమ్మిదేనే!"

మరుసటి ఏడాది అమ్మ నా దగ్గరికి వచ్చింది. ఒకరోజు ఇక్కడి మిషనుతో వేలు పొడిచి చూసుకుని గంతేసినంత పని చేసింది. "తొమ్మిదేనే! మీ ఊరి నీళ్ల మహిమ" అని. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి పూతరేకుల డబ్బాలో రెండు తగ్గాయి.

ఇండియాలో, అమెరికాలో షుగరుని మిల్లీగ్రాముల లెక్కలో చెప్తారు. బ్రిటన్‌లో మిల్లీమోల్స్ అనే లెక్క. ఇక్కడి అంకెని 18తో గుణిస్తే మన అంకె వస్తుంది. అమ్మ తొమ్మిదంటే 162 అన్నమాట. ఆ మాట చెప్పగానే అమ్మ డబ్బా మూత పెట్టి, "ముందే చెప్పి చావొచ్చు కదే" అంది. నాలుగు కన్నా తక్కువ చూపిస్తే మాత్రం షుగరు పడిపోతున్నట్టు, వెంటనే తీపి ఇవ్వాలి. జ్వరం కూడా అంతే. ఇక్కడ 38 అంటే అక్కడ 100.4. బిడ్డకి ఒళ్లు కాలుతుంటే "ముప్పై ఎనిమిదే కదా" అని అమెరికా అమ్మమ్మ, "నూటనాలుగా!" అని ఇంగ్లండు నానమ్మ కంగారుపడే అవకాశం ఉంది కనక మనవల దగ్గరికి వచ్చేవాళ్లకి ఈ లెక్క ముందే చెప్పి పెట్టండి.

ముద్దుపేరుతో పిలిస్తే

మందుకి రెండు పేర్లున్నట్టే మనుషులకీ ఉంటాయి. నాటింగ్‌హామ్‌లో బస్సు డ్రైవరు నన్ను "మీ డక్" అంటాడు. మొదట్లో నన్ను బాతు అంటాడేమిటని ఒళ్లు మండింది. అది ఈ చుట్టుపక్కల ముద్దుమాట. న్యూకాసిల్ వైపు పెట్ అంటారు, గ్లాస్గోలో ఆడవాళ్లని హెన్ అంటారు. ఒకచోట బాతు, ఒకచోట పెంపుడు జంతువు, ఒకచోట కోడిపెట్ట. మనం మాత్రం తక్కువా? మూడేళ్ల కూతుర్ని "అమ్మా" అని, పాలుతాగే కొడుకుని "నాన్నా" అని పిలుస్తాం. మా అమ్మకి నేను చిట్టి, చెల్లి బుజ్జి. ఆ బుజ్జికి ఇప్పుడు నలభై రెండు.

ఇక్కడి పేర్ల కత్తిరింపులు ఇంకా చిత్రం. విలియం అంటే బిల్, రాబర్ట్ అంటే బాబ్, మార్గరెట్ అంటే పెగ్గీ. ఫైలులో మార్గరెట్ అని చూసి పిలిస్తే పలకని ముసలమ్మలు పెగ్గీ అంటే కళ్లు తెరుస్తారు. మన పెద్దవాళ్లకి ఇంకో చిక్కు. పాస్‌పోర్టులో ముందున్న మాటే పేరనుకుని "వెంకట" అని పిలుస్తారు. పుట్టినప్పట్నించీ నాన్నని ఎవరూ వెంకట అని పిలవలేదు. న్యూజెర్సీ ఆసుపత్రిలో మూడుసార్లు పిలిచినా ఆయన కదల్లేదు, పక్కనున్న ఎవరినో అనుకున్నారట.

మా వార్డులో జరిగింది ఒకటి చెప్తాను, మనిషి ఎవరో తెలియకుండా వివరాలు మార్చి. మతిమరుపు ముదిరిన ఒక తెలుగు పెద్దావిడ వచ్చారు. ఇంగ్లీషు పూర్తిగా పోయింది. మందు నోట్లో పెడితే ఉమ్మేస్తున్నారు, ముట్టుకుంటే కొడుతున్నారు. ఫైల్లో ఉన్న పేరుతో ఎంత పిలిచినా చూపు గోడ మీదే. ఇక్కడ అల్జైమర్స్ సొసైటీ వాళ్ల "దిస్ ఈజ్ మీ" అనే కాగితం ఉంటుంది. ఏ పేరుతో పిలిస్తే ఇష్టమో అందులో రాయాలి. ఆవిడది ఖాళీగా ఉంది. కూతురికి ఫోన్ చేసి అడిగాను. "ఇంట్లో పాపాయి అనేవారండీ. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు" అంది ఆ అమ్మాయి.

వెళ్లి మంచం పక్కన కూర్చుని "పాపాయమ్మగారూ" అన్నాను. గోడ మీంచి చూపు మెల్లగా తిరిగింది. నన్ను ఎగాదిగా చూసి, "అన్నం తిన్నావా?" అన్నారు. వచ్చి నాలుగు రోజులైంది, అదే మొదటి మాట. ఆ పూట మందు మింగారు. బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో పాపాయి అని రాశాను. తోటి నర్సులు దాన్ని "పపాయా" అని చదివారు, అంటే బొప్పాయి! అయినా ఆవిడ పలికారు. పేరు కాస్త వంకరైనా అందులో తన పిలుపు వినబడింది కాబోలు.

కేట్ గ్రేంజర్ అని ఇక్కడ ఒక డాక్టరమ్మ ఉండేది. క్యాన్సరుతో తనే పేషెంటై పడుకున్నప్పుడు, వచ్చేవాళ్లు చాలామంది తమ పేరైనా చెప్పకుండా పని చేసుకుపోవడం గమనించింది. 2013లో "హలో, మై నేమ్ ఈజ్" అనే ఉద్యమం మొదలుపెట్టింది. 2016లో 34 ఏళ్లకే పోయింది. మేమంతా ఇప్పటికీ ఆ మాటతోనే పేషెంటు దగ్గరికి వెళ్తాం. నేను దానికి ఇంకోటి కలుపుకున్నాను: "మిమ్మల్ని ఇంట్లో ఏమని పిలుస్తారు?"

పెద్దవాళ్ల సంచిలో ఒక కాగితం

అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చేముందు ఒక కాగితం రాసి పాస్‌పోర్టుతో పాటు పెట్టండి. నేనూ చెల్లీ ఇప్పుడు అదే చేస్తున్నాం.

మొదట పాస్‌పోర్టులో పేరు, దాని కింద ఇంట్లో పిలిచే పేరు. తర్వాత వేసుకునే ప్రతి మందూ. డోలో, క్రోసిన్ అని కంపెనీ పేరు చాలదు, అట్ట మీద చిన్నక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో రాయాలి. అమెరికాలో ఉంటే పారాసిటమాల్ పక్కన ఎసిటమినోఫెన్ అని కూడా రాయండి. జలుబు మందు ఏది కొన్నా వెనక్కి తిప్పి ఈ రెండు పేర్లలో ఏదైనా ఉందేమో చూడండి. షుగరు అంకె రెండు లెక్కల్లోనూ రాయండి. తేదీల్లో నెలని అక్షరాల్లో రాయండి, ఎందుకంటే 05/06 అంటే ఇక్కడ జూన్ అయిదు, అక్కడ మే ఆరు. అత్యవసరానికి అమెరికాలో 911, బ్రిటన్‌లో 999. ఇక్కడ సలహా కోసమైతే 111.

నాన్న ఆ కాగితాన్ని లామినేషన్ చేయించుకుని జేబులో పెట్టుకు తిరుగుతున్నారు. తణుకులో అది ఎందుకని అమ్మ నవ్వుతుంది. "నీ షుగరు తొమ్మిదే కదా, నువ్వు మాట్లాడకు" అంటారాయన.

నేను కూడా ఒకటి మార్చుకున్నాను. ఇప్పుడు చెల్లికి "డాక్టరు గారి దగ్గరికి వెళ్తున్నా" అని అచ్చ తెలుగు పల్లెటూరి మాటలో మెసేజ్ పెడుతున్నాను. అందులో డాక్టరు ఇంగ్లీషు మాటే కదక్కా అంటుంది బుజ్జి. అనుకోనీ. ఆ మాట ఒక్కటీ రెండు దేశాల్లోనూ ఒకటే.